అడుగు రేటు 110 అన్న చెక్క ఫ్లోరింగ్ 218 ఎలా అవుతుంది?

విజయవాడలోనో గుంటూరులోనో ఫ్లోరింగ్ షాపుకి వెళ్ళి చెక్క ఫ్లోరింగ్ ఎంతవుతుందని అడిగితే ముందు వినపడేది అడుగు రేటు. ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) 110 అంటారు. ఇంట్లో 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న బెడ్‌రూమ్ ఉంటే మనసులోనే గుణించేసుకుంటాం. 168 అడుగులు, పద్దెనిమిదిన్నర వేలు. పని పూర్తయ్యాక మొత్తం కూడితే అది 33 వేలు దాటుతుంది. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చేయనక్కర్లేదు. చదరపు అడుగు రేటు పలకకే వర్తిస్తుంది. పలక కింద వేసేది, చుట్టూ వేసేది, పలక ఇంటికి చేరడానికి, నేలమీద కూర్చోడానికి అయ్యేది ఆ రేటులో ఉండవు. ఆ మిగతా సగం ఎక్కణ్ణుంచి వస్తుందో ముందే తెలిస్తే ఏ గదికి చెక్క వేయాలి, ఏ గదికి వద్దు అన్నది కూడా తేలికగా తేలుతుంది.

ఇక్కడ వాడిన రేట్లన్నీ లెక్క చూపించడానికి తీసుకున్నవే. షాపునిబట్టి, రకాన్నిబట్టి, నెలనిబట్టి అవి మారతాయి. లెక్కించే పద్ధతి మాత్రం మారదు. ఎవరి కొటేషన్‌లోని అంకెలు వాళ్ళు పెట్టుకుంటే చాలు.

మొదటి తప్పు కొలతలోనే జరుగుతుంది. ఫ్లాట్ కొన్నప్పుడు చెప్పిన అడుగుల్లో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా కలిసి ఉంటాయి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెప్పే కార్పెట్ ఏరియాలో, అంటే ఫ్లాట్ లోపల వాడుకునే విస్తీర్ణంలో కూడా గదుల మధ్య గోడలు కలిసే ఉంటాయి. ఆ అంకెలేవీ ఫ్లోరింగ్‌కి పనికిరావు. టేపు పట్టుకుని గది గదికీ విడిగా, గోడ నుంచి గోడకి కొలవాలి. ఈ ఉదాహరణలోని బెడ్‌రూమ్‌లో ఒక మూలకి 7 అడుగుల పొడవు, 2 అడుగుల లోతున్న కప్‌బోర్డు నేలకి ఆనించి కట్టి ఉందనుకుందాం. దాని కిందకి చెక్క వెళ్ళదు. 168లోంచి 14 తీసేస్తే 154 అడుగులు. మంచం, బీరువా లాంటి కదిపే సామాను మాత్రం తీసేయకూడదు, వాటి కింద కూడా వేయాల్సిందే.

ఇప్పుడు పెట్టెల లెక్క. మనం లెక్క వేస్తున్నది లామినేట్‌కి, అంటే పీచు బోర్డు మీద చెక్క నమూనా ముద్రించిన పలకకి. దాన్ని అడుగుల్లో బేరమాడినా అమ్మేది పెట్టెల్లోనే. బాగా కనిపించే సైజు పలక 1,215 మిల్లీమీటర్ల పొడవు, 195 మిల్లీమీటర్ల వెడల్పు. అలాంటివి 8 ఉన్న పెట్టె 20.4 చదరపు అడుగులకి వస్తుంది. వృథా కోసం ఎనిమిది శాతం కలుపుకోమంటే 154 కాస్తా 166 అవుతుంది, అంటే ఎనిమిది పెట్టెలకి కొంచెం చాలదు, తొమ్మిది కొనాలి. ఐదు శాతమే అనుకుంటే ఎనిమిదితో సరిపోతుంది. శాతాన్ని నమ్ముకోవడం కంటే పలకల్ని లెక్కపెట్టడం మంచిది. 14 అడుగులంటే 4,267 మిల్లీమీటర్లు. రెండు చివర్లా పదేసి మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే ఒక వరసకి మూడు నిండు పలకలు, ఇంకో 602 మిల్లీమీటర్ల ముక్క పడతాయి. ఆ ముక్క కోయగా మిగిలిన సగం పలక తర్వాతి వరస మొదట్లో కూర్చుంటుంది. అంటే ఈ గదిలో పొడవు వైపు వృథా దాదాపు లేదు. వెడల్పులో 19 వరసలు వస్తాయి, చివరి వరసని నిలువుగా చీల్చాలి. మొత్తం గదికి 67 పలకలు, కప్‌బోర్డు చోటు పోతే 62 దగ్గర. ఎనిమిది పెట్టెల్లో 64 ఉంటాయి. అదే గది 13 అడుగులుంటే ముక్కలు ఇంత పొందిగ్గా అతకవు. పలకల్ని ఏటవాలుగానో, చేపముల్లు డిజైన్‌లోనో వేయమంటే వృథా పదిహేను శాతం దాకా పోతుంది. ఆ డిజైన్ ధర కూలీలోనే కాక పెట్టెల్లో కూడా కనిపిస్తుందన్నమాట.

అయినా తొమ్మిదో పెట్టె కొని అటకమీద పెట్టుకోవడం తెలివైన పని. రెండేళ్ళ తర్వాత ఒక పలక పాడైతే అదే రంగు, అదే గాడి ఉన్న పలక బజార్లో దొరుకుతుందన్న నమ్మకం లేదు. డిజైన్లు ఆగిపోతుంటాయి. అందుకని ఈ లెక్కలో తొమ్మిది పెట్టెలే పెడదాం.

తొమ్మిది పెట్టెలంటే 183.6 అడుగులు. 110 చొప్పున 20,196 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 23,831. కింద పరిచే ఫోమ్ షీటు 160 అడుగులు, ఎనిమిది రూపాయల చొప్పున 1,280. పలకలు నేలకి అతకవు, ఈ ఫోమ్ మీద ఒకదానికొకటి గాడిలో తగులుకుని తేలుతూ ఉంటాయి. నడిచేటప్పుడు టకటక శబ్దం రాకుండా చూసేది ఇదే, కాబట్టి ఇక్కడ మిగిల్చే వంద, రెండొందలకి రోజూ చెవులు బాధపడతాయి. తర్వాత స్కర్టింగ్, అంటే గోడ అడుగున చుట్టూ వేసే పట్టీ. గది చుట్టుకొలత 52 అడుగులు. కప్‌బోర్డు ఆక్రమించిన 9 అడుగుల గోడ, రెండు తలుపుల ఐదున్నర అడుగులు పోతే 37.5. ఎనిమిదడుగుల ముక్కల్లో అమ్ముతారు, మూలల దగ్గర కోతలు పోను ఆరు ముక్కలు కావాలి. అడుగు 70 అనుకుంటే 3,360. ఇంట్లో టైల్ స్కర్టింగ్ ఇప్పటికే ఉంది కదా, ఇది ఎందుకు అనిపిస్తుంది. గోడ పక్కన వదిలిన పది మిల్లీమీటర్ల ఖాళీని మూసేది స్కర్టింగే. ఖాళీ వదలకుండా గోడకి బిగించి వేస్తే వానాకాలంలో పలకలు ఉబ్బి నడి గదిలో పైకి లేస్తాయి. ఖర్చు తగ్గించాలంటే పూర్తి స్కర్టింగ్ బదులు సన్నటి బీడింగ్ వేయించుకోవచ్చు.

తలుపుల దగ్గర టైల్‌కీ చెక్కకీ మధ్య వచ్చే పట్టీకి 700. వేసే కూలీ 154 అడుగులకి 20 చొప్పున 3,080. రవాణా, పై అంతస్తుకి మోత 1,000. ఎనిమిది మిల్లీమీటర్ల పలక, రెండు మిల్లీమీటర్ల ఫోమ్ కలిసి నేల ఒక సెంటీమీటరు లేస్తుంది. గది తలుపు లోపలికి తెరుచుకునేదైతే కింద రాసుకుంటుంది, దాన్ని విప్పి అడుగున కోసి మళ్ళీ బిగించడానికి 400. బాత్‌రూమ్ తలుపు అటువైపు తెరుచుకుంటుంది కాబట్టి దానికి ఈ తిప్పలు లేవు. అన్నీ కూడితే 33,651 రూపాయలు. 154తో భాగిస్తే అడుగుకి 218 పైచిలుకు. అదనపు పెట్టె వద్దనుకున్నా 201 పడుతుంది.

ఇంకో విషయం కూడా ఈ లెక్కలోంచే బయటపడుతుంది. స్కర్టింగ్, పట్టీలు, రవాణా, తలుపు కోత గది విస్తీర్ణం పెరిగినంతగా పెరగవు. చిన్న గదికి అడుగు ఖర్చు ఎక్కువ, పెద్ద గదికి తక్కువ. పది బై పది గదికి చెప్పిన రేటుని హాలు రేటుతో పోల్చి షాపువాళ్ళతో వాదించడం అందుకే కుదరదు.

ఇదంతా కింద నేల సమంగా ఉందనుకుని వేసిన లెక్క. మన ఇళ్ళలో ఆ నమ్మకం పెట్టుకోకూడదు. పాత ఇండిపెండెంట్ ఇళ్ళలో నీళ్ళు పోసి కడిగితే బయటికి పోవాలని నేలకి వాటం పెట్టేవారు. గుంటూరు బ్రాడీపేట, విజయవాడ గవర్నర్‌పేట లాంటి పాత పేటల ఇళ్ళలో ఇది ఇప్పటికీ చూడొచ్చు. వాటం ఒకే తీరుగా ఉంటే ఫ్లోరింగ్‌కి ఇబ్బంది లేదు, మొత్తం నేల ఒకే వైపు వాలి ఉంటుంది అంతే. ఇబ్బంది గుంటలతోనూ గట్లతోనూ వస్తుంది. రెండు మీటర్ల తిన్నని అల్యూమినియం పట్టీని నేలమీద నలువైపులా తిప్పి చూస్తే దాని కింద మూడు మిల్లీమీటర్లకి మించి సందు కనిపించకూడదు. అంతకంటే ఎక్కువ సందున్న చోట కాలు వేసినప్పుడల్లా పలక కిందికి దిగి లేస్తుంది, కొన్నాళ్ళకి గాడి విరుగుతుంది. విరిగిన గాడిని అతికించే మందు లేదు.

అలాంటి నేలని లెవెలింగ్ కాంపౌండ్‌తో సరిచేస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందానికి సుమారు 1.6 కిలోల పొడి పడుతుంది. మన 154 అడుగులంటే 14.3 చదరపు మీటర్లు. సగటున ఐదు మిల్లీమీటర్లు పోయాల్సి వస్తే 114 కిలోలు, 25 కిలోల బస్తాలు ఐదు. బస్తా ధరని ఐదుతో గుణించి, దానికి కూలీ కలిపితే ఈ ఖర్చు ఎంతో తెలుస్తుంది. ఒక్కోసారి ఇది పలకల ధరలో సగానికి వస్తుంది. అప్పుడు ఆ గదికి చెక్క మానేయడం గురించి ఆలోచించాలి.

చెమ్మ పరీక్షకి మాత్రం పైసా ఖర్చు లేదు, అయినా ఎక్కువమంది వదిలేసేది దాన్నే. ఒక్కో వైపు ఒకటిన్నర అడుగు ఉన్న చదరపు పాలిథిన్ ముక్కని సిమెంటు నేలకి నాలుగు వైపులా టేపుతో అతికించి పదహారు గంటలు వదలాలి. తీసినప్పుడు అడుగున తడి మెరిసినా, నేల రంగు ముదిరినా ఆ నేల ఇంకా ఆరలేదు. కొత్త కాంక్రీటు అంగుళం మందం ఆరడానికి సుమారు ఒక నెల పడుతుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని పచ్చి నేలమీద వేయిస్తే ఆ తేమంతా పలకల్లోకే ఎక్కుతుంది.

ఇక ఏ చెక్క అన్నది. నిజానికి షాపుల్లో చెక్క ఫ్లోరింగ్ పేరుతో చూపించేవాటిలో చాలావాటి పైన కనిపించేది చెక్క కాదు. లామినేట్ అంటే చెక్క పీచుని గట్టిగా నొక్కి చేసిన బోర్డు మీద చెక్క నమూనా ముద్రించిన కాగితం, దానిమీద గీతలు పడకుండా గట్టి పొర. ఆ పొర ఎంత గట్టిదన్నది ఏసీ-3, ఏసీ-4 లాంటి అంకె చెబుతుంది (గదిలోని ఏసీకి దీనికీ సంబంధం లేదు, ఇది అరుగుదలని తట్టుకునే తరగతి). ఎనిమిది మిల్లీమీటర్ల కంటే పన్నెండు మిల్లీమీటర్లది మేలని అమ్ముతారు. మందం పెరిగితే అడుగు కింద గట్టిగా ఉంటుంది, శబ్దం తగ్గుతుంది, కానీ గీతలు పడటం తగ్గదు. డబ్బు ఎక్కువ పెట్టదలిస్తే ముందు ఏసీ తరగతి మీద పెట్టాలి, తర్వాతే మందం మీద. ఎస్‌పీసీ అన్నది సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన పలక. నీటికి ఉబ్బదు. పడమటి బాల్కనీ అద్దంలోంచి మే నెల ఎండ నేరుగా పడే చోట మాత్రం వేడికి సాగుతుంది, అక్కడ కర్టెన్ తప్పదు.

ఇంజినీర్డ్ ఉడ్‌లో పైపొర నిజమైన చెక్క, అడుగున ప్లైవుడ్. రెండు పలకలూ 15 మిల్లీమీటర్లే ఉండొచ్చు, ఒకదాని పైపొర అర మిల్లీమీటరు, ఇంకోదానిది నాలుగు మిల్లీమీటర్లు కావచ్చు. మొదటిదాన్ని ఒక్కసారి కూడా రుద్ది పాలిష్ పెట్టలేరు. రెండోదానికి ఒకటి రెండుసార్లు వీలవుతుంది. కాబట్టి ఇక్కడ అడగాల్సింది పైపొర మందం. కొటేషన్‌లో అది రాయకపోతే ఆ కొటేషన్‌ని మరోదానితో పోల్చడం వృథా.

టేకు మీద మమకారం మనవైపు ఎక్కువ. ద్వారబంధం టేకుది పెట్టినవాళ్ళకి నేల కూడా టేకుదే వేయిస్తే అన్న ఆలోచన సహజం. ఇక్కడ లెక్క ఎస్‌ఎఫ్‌టీలో కాక సీఎఫ్‌టీలో, అంటే ఘనపుటడుగుల్లో మొదలవుతుంది. ముప్పావు అంగుళం పలక తయారవ్వాలంటే అంగుళం కోత కర్ర తీసుకోవాలి, చిత్రికలో పావు అంగుళం పోతుంది. 154 అడుగులకి అంగుళం మందం అంటే 12.8 ఘనపుటడుగులు. పలకలు ఒకదాంట్లో ఒకటి దూరేందుకు చేసే నాలుక, గాడి కోసం వెడల్పులో కొంత, కోతల్లో కొంత పోతుంది. ఇరవై శాతం కలుపుకుంటే 15.4. గుర్తుపెట్టుకోడానికి ఇది తేలిక, వంద చదరపు అడుగుల నేలకి పది ఘనపుటడుగుల కర్ర. ఘనపుటడుగు 3,500 అనుకుంటే కర్రకే 53,900. చిత్రిక, వేయడం, రుద్దడం, పాలిష్ అన్నీ కలిపి అడుగుకి 200 అనుకుంటే ఇంకో 30,800. మొత్తం 84,700, అడుగుకి 550.

ఈ అంకె చేవ (మాను నడిమి గట్టి భాగం) ఉన్న, బాగా ఆరిన కర్రకి. తెల్లచెక్క (చేవ చుట్టూ ఉండే మెత్తటి భాగం) కలిసిన కర్ర చవగ్గా వస్తుంది, చెదలు ముందు పట్టేది దాన్నే. పచ్చికర్ర తెచ్చి వేయిస్తే ఎండాకాలం వచ్చేసరికి పలకల మధ్య సందులు పడతాయి. చెక్క గాలిలోని తేమని పీల్చుకుంటూ వదులుతూ ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో గాలిలో తేమ 80 శాతం దగ్గరుంటే ఆరిన చెక్కలో కూడా తేమ 15, 16 శాతానికి చేరుతుంది, పొడిగా ఉన్న ఏసీ గదిలో దానిలో సగానికి పడిపోతుంది. ఐదంగుళాల టేకు పలక ఈ రెండింటి మధ్య ఒక మిల్లీమీటరు పైనే వెడల్పు మారుతుంది. అలా మారడం తక్కువ కాబట్టే టేకుకి మంచి పేరొచ్చింది. మారదని కాదు.

లామినేట్ 33,651, టేకు 84,700. చూడగానే లామినేట్ చవక అనిపిస్తుంది. ఏళ్ళతో భాగిస్తే చిత్రం మారుతుంది. జాగ్రత్తగా వాడే బెడ్‌రూమ్‌లో లామినేట్ పదేళ్ళు వస్తుందనుకుంటే ఏడాదికి 3,365 రూపాయలు. టేకు ముప్పై ఏళ్ళు వస్తుందనుకుని, మధ్యలో రెండుసార్లు రుద్ది పాలిష్ పెట్టడానికి అడుగుకి 60 చొప్పున 18,480 కలిపితే 1,03,180 అవుతుంది. ఏడాదికి 3,439. రెండూ దాదాపు సమానం.

అయితే ముందే పెట్టే డబ్బుకి వడ్డీ ఉంది. రెండింటి మధ్య తేడా 51 వేలు. బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే ఏడాదికి 3,570 రూపాయల పైనే వస్తుంది. అంటే ఆ వడ్డీయే ఏటా లామినేట్ ఖర్చుని మోసేస్తుంది. పదేళ్ళకోసారి లామినేట్ మార్చేటప్పుడు రేట్లు పెరిగి ఉంటాయి కనక ఆ వడ్డీలో కొంత అక్కడికి పోతుంది, అది నిజమే. అంతా చూసుకున్నాక తేలేది ఒకటే. అదే ఇంట్లో ముప్పై ఏళ్ళు ఉంటామన్న గట్టి నమ్మకం ఉండి, టేకు మీద ఇష్టం ఉన్నవాళ్ళే టేకు వేయించాలి. పొదుపవుతుందని వేయిస్తే లెక్క తప్పుతుంది. పిల్లల చదువులకో ఉద్యోగానికో ఇల్లు మారే అవకాశం ఉన్నవాళ్ళకి ఫ్లాట్‌లో లామినేటే నయం.

ఈ ఏళ్ళ లెక్క మొత్తాన్ని తలకిందులు చేసేది నీళ్ళు. పండగ ముందు ఇల్లు కడగడం మన అలవాటు. పనమ్మాయి బకెట్‌లో గుడ్డ ముంచి కారుతుండగానే తుడుస్తుంది. టైల్స్‌కి అది మంచిదే. లామినేట్‌కి మాత్రం ఆ నీరు గాడుల్లోంచి కిందికి దిగి పీచు బోర్డుని ఉబ్బిస్తుంది. ఒకసారి ఉబ్బిన అంచు ఆరినా వెనక్కి రాదు. వారంటీ కాగితం తీసి చదివితే నిలిచిన నీటివల్ల కలిగిన నష్టానికి పూచీ లేదన్న మాట ఎక్కడో ఒకచోట ఉంటుంది. పిండిన గుడ్డతోనే తుడవాలన్న సంగతి తుడిచేవాళ్ళకి మొదటి రోజే నేర్పించకపోతే పదేళ్ళని కాస్తా మూడేళ్ళని రాసుకోవాలి. అప్పుడు ఏడాది ఖర్చు 11 వేలు దాటుతుంది.

అందుకే వంటగదికి, పూజగదికి, నీళ్ళు పోసి కడిగే ఏ చోటుకైనా లామినేట్ ఆలోచనే వద్దు. దీపం కుందె నుంచి కారిన నూనె, కొబ్బరికాయ నీళ్ళు రోజూ పడే చోట టైల్‌కి సాటి లేదు. అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న బెడ్‌రూమ్‌లో గుమ్మం ముందు నీళ్ళు పీల్చే మందపాటి పట్టా ఒకటి ఎప్పుడూ ఉండాలి. అది కూడా ఈ ఫ్లోరింగ్ ఖర్చులో భాగమే.

గ్రౌండ్ ఫ్లోర్ సంగతి ఇంకా వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్ళలోకి వచ్చి రోజుల తరబడి నిలిచింది. నీళ్ళు తీశాక టైల్స్ నేలని బురద కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. లామినేట్‌ని అలా కాపాడుకోవడానికి లేదు, మొత్తం పీకి పారేయాల్సిందే. వరద ముప్పున్న పేటలో కింది అంతస్తుకి చెక్క వేయించాలనుకునేవాళ్ళు దాని ఆయుష్షు పదేళ్ళని రాసుకోవడం సరికాదు. చెక్కలాంటి రూపం కావాలంటే చెక్క డిజైన్ విట్రిఫైడ్ టైల్స్ ఉన్నాయి. అక్కడ అవే సరైన ఎంపిక. వరద ముప్పు లేని పేటల్లో కూడా గ్రౌండ్ ఫ్లోర్ నేలకి అడుగు నుంచి చెమ్మ, చెదలు ఎక్కుతాయి కాబట్టి పాలిథిన్ షీటు, చెదల మందు ఖర్చు అదనంగా రాసుకోవాలి.

ఇల్లు ఇంకా కడుతున్నవాళ్ళకి ఒక పెద్ద వెసులుబాటు ఉంది. పైన చెప్పిన తలుపు కోత, ఎత్తుపల్లాల పట్టీ, గది గుమ్మం దగ్గర కాలికి తగిలే మెట్టు, ఇవన్నీ టైల్స్ మీద మళ్ళీ చెక్క వేయడంవల్ల వచ్చినవి. బెడ్‌రూమ్‌లో చెక్క అని టైల్స్ పనికి ముందే నిర్ణయించుకుంటే ఆ గదిలో నున్నటి సిమెంటు నేల చేసి, హాలు టైల్ మట్టానికి ఒక సెంటీమీటరు కిందే ఆపమని మేస్త్రికి చెప్పొచ్చు. చెక్క వేశాక రెండు నేలలూ ఒకే మట్టంలో కలుస్తాయి. ఆ గది టైల్స్ ధర, పరిచే కూలీ మిగులుతాయి, ఆ మేరకి చెక్క ఖర్చులోంచి తీసేసుకోవచ్చు. ఫ్లాట్ బుక్ చేసుకున్నవాళ్ళు కూడా బిల్డర్‌ని ఆ గది టైల్స్ ఆపి, దాని విలువ తగ్గించమని అడగాలి. టైల్స్ దించాక అడిగితే ఫలితం ఉండదు.

కొటేషన్ తీసుకునేటప్పుడు నోటి మాటగా "అన్నీ కలిపి" అంటే ఒప్పుకోకూడదు. పెట్టెలు ఎన్ని, పెట్టెలో ఎన్ని అడుగులు, జీఎస్టీ రేటులోనే ఉందా బయటా, ఫోమ్ మందం ఎంత, స్కర్టింగ్ ఎన్ని అడుగులు, పట్టీలు ఎన్ని, తలుపు కోత ఎవరిది, నేల సరిచేయాల్సి వస్తే బస్తా ఎంత, కూలీ పరిచిన అడుగులకా పెట్టెలోని అడుగులకా అన్నవి కాగితం మీద పడాలి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మన ఉదాహరణలోనే 154కీ 183కీ మధ్య 20 చొప్పున దాదాపు ఆరువందల తేడా ఉంది. గుంటూరు ఇంటికి విజయవాడ షాపులో కొంటే రవాణా ఒకసారికా, పలకలు తగ్గితే రెండోసారి ఎవరు భరిస్తారు అన్నది కూడా రాయించుకోవాలి. విప్పని పెట్టె వెనక్కి తీసుకుంటారేమో కూడా అప్పుడే అడగాలి.

సరుకు వచ్చాక పెట్టెల్ని అదే గదిలో, పడుకోబెట్టి, కనీసం 48 గంటలు ఉంచాలి. ఆ గది గాలికి పలకలు అలవాటు పడ్డాకే పని మొదలుపెట్టాలి. కూలీలు వచ్చిన రోజే సరుకు కూడా దిగేలా మాట్లాడుకుంటే ఈ రెండు రోజులు పోతాయి, కాబట్టి డెలివరీ తేదీ, పని తేదీ వేర్వేరుగా ఖాయం చేసుకోవాలి.